బావ కొన్న చక్రాల ఇంటికి ట్రక్కు

మల్లెన్, నెబ్రాస్కా
2016 ఫిబ్రవరి 9

అక్కా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండు కారణాలు. ఒకటి, నాకు ఊహ తెలిసినప్పటినుంచి నా సలహా నువ్వు విన్న దాఖలా లేదు. రెండు, చలికి కలం గడ్డకట్టింది. కలాన్ని పొయ్యి మీద కాఫీ కెటిల్ పక్కన పడేస్తే అది తేరుకుంది. ఇక మిగిలింది ఒక్క కారణం. ఒక్క కారణానికి లొంగిపోయే మనిషిని కాదు నేను.

క్రిస్మస్ కార్డు వెనక నువ్వు గీకిన నాలుగు ముక్కలు అప్పటినుంచీ నమిలి నమిలి ఇప్పటికి మింగాను. బ్లాక్ హిల్స్‌లో కోల్డ్ స్పూన్ సరస్సు దగ్గర ఎండాకాలమంతా విడిది చేసేవాళ్ల కాంప్‌గ్రౌండ్ చూసుకునే పని ఒప్పుకున్నావు. మే పదిహేనుకల్లా నీ సొంత చక్రాల ఇంటితో అక్కడ ఉండాలి. అందుకని ఊళ్లో షోరూములో ఉన్న నీలం పికప్ కొనబోతున్నావు, ఎందుకంటే అది పదమూడు వేల పౌండ్లు లాగుతుందని ప్రకటనలో రాశారు. ఇంతే కదా?

అక్కా, లాగడం వేరు, మొయ్యడం వేరు. గేలెన్ బావ కొన్న ఫిఫ్త్‌వీల్ కాంపర్, అదే నీ చక్రాల ఇల్లు, ట్రక్కు వెనక తోకలా వేలాడే రకం కాదు. తన ముక్కు తీసుకొచ్చి ట్రక్కు వీపు మీద పెడుతుంది. మొత్తం బరువులో అయిదో వంతు అక్కడే కూర్చుంటుంది. ప్రకటన రాసేవాడు ఆ సంగతి రాయడు. నువ్వు షోరూముకు వెళ్లి డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు తగిలే స్తంభం మీద అతికించిన స్టిక్కర్ చదువు. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని ఉంటుంది. ఆ అంకె ఒక్కటే నిజం. అర టన్ను ట్రక్కు, ముప్పావు టన్ను ట్రక్కు అనేవన్నీ ముద్దుపేర్లు. మన చిన్నాన్నను అందరూ ‘బుల్లోడా’ అని పిలిచేవాళ్లు, గుర్తుందా? ఆయన కూర్చున్న కుర్చీ ఏదీ మిగల్లేదు.

బావను తప్పు పట్టడం లేదు. సంతలో కాంపర్ చూసి, పొయ్యి వెలిగించి చూసి, మంచం మీద పడుకుని చూసి, కొనేసి, లాగే ట్రక్కు సంగతి వసంతంలో చూద్దామన్నాడు. ఈ దేశంలో సగం మంది చేసే పనే. వసంతం వచ్చింది, ఆయనే లేకుండా పోయాడు.

ఆరిన్ సాటెల్ అని మా దగ్గర ఒకడుండేవాడు. నీళ్లు తోడే గాలిమరలకు వేసే ఇనుప గొట్టాలు నాతోపాటు మోసేవాడు. ఒకరోజు చిన్న పికప్ వీపు మీద పెద్ద బరువెక్కించి డిస్మల్ నది వైపు బయలుదేరాడు. వెనక కుంగితే ముందు లేస్తుంది కదా, ముందు చక్రాలు నేలను తగిలీ తగలనట్టు పోతున్నాయి. మలుపు వచ్చింది. ఆరిన్ స్టీరింగ్ తిప్పాడు. స్టీరింగ్ తిరిగింది. ట్రక్కు తిరగలేదు. తిన్నగా వెళ్లి గడ్డివాములో దూరింది. అక్కడ మేస్తున్న ఆవు తలెత్తి చూసి మళ్లీ మేత మొదలుపెట్టిందట. “అది కనీసం ఆశ్చర్యపోయినా బాగుండేది” అని ఆరిన్ చచ్చేదాకా బాధపడ్డాడు.

అందుకని చూసి కొను. ఏప్రిల్‌లో నాకు పనేమీ ఉండదు. ఏప్రిల్‌లో గాలిమరలు వాటంతటవే తిరుగుతాయి.

చెవిలో మిషను ఫోను దగ్గర పెడితే ఈల వేస్తోంది, కనుక ఫోను చెయ్యకు. రాయి.

నీ తమ్ముడు
వెర్లిన్

——

బ్యాటిల్ లేక్, మిన్నెసోటా
ఫిబ్రవరి 21

ఒరేయ్ వెర్లిన్,

నాలుగు పేజీలు రాశావు. అందులో మూడు పేజీల్లో నేను ఎలా చస్తానో ఉంది, మిగతా పేజీలో ఆవు ఉంది. అక్క వెళ్తోంది, సంతోషం అన్న మాట ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

అయినా వెళ్లాను షోరూముకు. సేల్స్ కుర్రాడు మెడకు టై బిగించుకుని పరిగెత్తుకొచ్చాడు. “మేడమ్, ఇది కొండనైనా లాగేస్తుంది!” అన్నాడు.

“కొండ నాకెందుకయ్యా? ఇల్లు మోస్తుందా లేదా చెప్పు” అన్నాను.

“ఒక పని చేయండి మేడమ్, శనివారం మీవారిని కూడా తీసుకురండి. ఆయనకు వివరంగా చెబుతాను.”

“ఆయన ఉన్నచోటినుంచి ఇక్కడికి బస్సు లేదు నాయనా. నాకే చెప్పు.”

వాడి మొహం చూడాలి నువ్వు. తలుపు తెరిపించి స్టిక్కర్ చదివాను. పదిహేను వందల చిల్లర. మన కాంపర్ ముక్కే రెండు వేలు దాటుతుందని దాని పుస్తకంలో ఉంది. అంటే నేను ట్రక్కు ఎక్కకముందే అది ఓడిపోయింది. నువ్వు చెప్పింది నిజమే. ఈ మాట మళ్లీ రాయను, కావాలంటే కత్తిరించి దాచుకో.

ఏప్రిల్‌లో ఖాళీ అని ఎందుకు రాశావో నాకు అర్థం కాకపోలేదు. ముసలిది నడపలేదు, నేను వెళ్లి నడపాలి అని. నీకు సైకిల్ నేర్పింది ఎవర్రా? రాన్రాను నువ్వు పెద్దవాడివైపోయి నేను చిన్నదాన్నైపోతున్నాను నీ లెక్కలో.

అసలు సంగతి విను. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. చర్చి నేలమాళిగలో ప్రతి బుధవారం కాఫీ పోస్తాను. నేను లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతాయి. “పాపం ఆర్లిస్” అని ఎవరో ఒకరు నా చెయ్యి నొక్కుతారు. రెండేళ్లయింది, ఇంకా నొక్కుతున్నారు. చెయ్యి అరిగిపోయింది. ఆ సరస్సు దగ్గర ఎవరికీ నా సంగతి తెలియదు. అక్కడ నేను కట్టెలు అమ్మే ఆవిడను, తాళాలు ఉన్న ఆవిడను. అది కావాలి నాకు. ఈ ఒక్కటే కావాలి. అక్కడి సూపరింటెండెంట్ మిసెస్ చెట్టర్ మంచిదే కానీ మాట అంటే మాటే. మే పదిహేనుకు నా ఇల్లు నా స్థలంలో లేకపోతే, నా వెనక అయోవా రాష్ట్రం దంపతులు వరుసలో నిలబడి ఉన్నారని రాసింది.

వేరే ట్రక్కు దొరికేలా ఉంది. లైల్ బ్రెక్కీ దగ్గర ఒక టన్నుది ఉంది, ఎర్రగా, నాలుగు తలుపులతో. అమ్మేస్తానంటున్నాడు. రోజూ తీసుకొచ్చి మా వాకిట్లో పెట్టి చూపిస్తున్నాడు. స్టిక్కర్ కూడా బాగుంది.

నిన్న మళ్లీ మంచు. పెరట్లో కాంపర్ చక్రాలు కనిపించడం లేదు. ఇల్లు మామూలు ఇల్లులా ఉంది.

అక్క
ఆర్లిస్

——

మల్లెన్
మార్చి 4

అక్కా,

సంతోషం. ఇదిగో, మొదటి మాటగా రాశాను. ఇక అసలు విషయానికి వస్తాను.

లైల్ బ్రెక్కీ ఎవరు? వాకిట్లోకి రోజూ ట్రక్కు తెచ్చి చూపించే మగాడు చూపించేది ట్రక్కును కాదు. డెబ్బై మూడేళ్ల మనిషివి, నీకు చెప్పాల్సిన మాట కాదు కానీ, ఎర్ర ట్రక్కున్న మగాళ్లను నేను తక్కువ చూడలేదు. సరస్సు పక్కన ఎండాకాలమంతా ఇల్లు, కరెంటు, నీళ్లు ఉచితం అని విని ఎంతమందికి ఎర్ర ట్రక్కు అమ్మాలనిపిస్తుందో ఆలోచించు. అమ్మి తనూ అందులోనే ఎక్కడు కదా?

సరే, మనిషిని పక్కన పెట్టి ట్రక్కు చూద్దాం. నాలుగు తలుపులంటున్నావు. నాలుగు తలుపులకు చోటు ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు వెనక తొట్టి తగ్గించి ఇస్తారు. తొట్టి పొడుగు కొలిచావా? పొట్టి తొట్టి అయితే, పెట్రోలు బంకులో నువ్వు గట్టిగా మలుపు తిప్పినప్పుడు కాంపర్ మూల వచ్చి ట్రక్కు వెనక అద్దాన్ని పగలగొట్టి నీ మెడ మీద ముద్దు పెడుతుంది. కనీసం ఎనిమిది అడుగుల తొట్టి ఉండాలి. టేపు తీసుకుని కొలువు. లైల్‌ను కొలవనివ్వకు.

ఇంకొకటి. కాంపర్ ముక్కు కింది మేకును పట్టుకునే పెద్ద ఇనుప పళ్లెం లాంటి కొక్కెం ఉంటుంది, అది కొనమని అందరూ చెబుతారు. అంత బరువు ఎందుకు? నా ట్రక్కు తొట్టిలో ఒక ఉక్కు గుండు ఉంది, అంతే. కాంపర్ మేకుకు పొడుగాటి గొట్టం బిగించి గుండు మీద దించితే సరిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఆ గుండు మీద గొట్టాల బండి లాగుతున్నాను, ఒక్కనాడు ఊడలేదు. నా మాట విను.

వేలంలో కొన్న విజ్ఞాన సర్వస్వంలో లాగుడుబళ్ల చరిత్ర చదువుదామని తీశాను. ఇంగ్లిషు ‘హెచ్’ అక్షరం సంపుటం తక్కువని నీకు తెలుసుగా. గుర్రాలూ, వడగళ్లూ, నరకమూ ఆ పోయిన సంపుటంలోనే ఉన్నాయి. వాటి మూడింటి గురించీ నాకు తెలిసిందంతా స్వానుభవమే. ‘హాలింగ్’ కింద లాగుడుబళ్లు కూడా అందులోనే పోయినట్టున్నాయి.

ఇక్కడ మంచు కరుగుతోంది. పశువులు పెంచే కాంట్రీమన్ దొడ్లో గాలిమర ఒకటి కీచుమంటోంది, ఎక్కి నూనె వెయ్యాలి. ఎక్కొద్దని డాక్టరు అన్నాడు. వాడికి ఎక్కడం తెలియదు.

నీ తమ్ముడు
వెర్లిన్

తాజా కలం: ఏప్రిల్ సంగతి నువ్వు అనుకున్నది కాదు.

——

బ్యాటిల్ లేక్
మార్చి 15

ఒరేయ్,

ముందు లైల్ సంగతి. వాడికి ఎనభై రెండు. వాడి పెళ్లాం ఏవిస్ బతికే ఉంది, వృద్ధుల ఆసుపత్రిలో ఉంది. పోయిన నెల లైల్ కళ్లు పరీక్షించి లైసెన్సు తీసేసుకున్నారు. కొడుకు ట్రక్కును తెచ్చి మా వాకిట్లో పెట్టి, అమ్మేదాకా ఇక్కడే ఉండనివ్వమన్నాడు. లైల్ రోజూ నడిచి వచ్చి అందులో కూర్చుంటాడు. నడపడు. కూర్చుంటాడు, అంతే. రేడియో వింటాడు. నేను కాఫీ ఇస్తాను. ‘తీసుకొచ్చి చూపిస్తున్నాడు’ అని రాసింది నేనే, అది నా తప్పు. మిగతాది మొత్తం నీ తప్పు. నీ ఉత్తరం వాడికి చదివి వినిపిస్తే నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాడు. “మీ తమ్ముడికి చెప్పమ్మా, ఎవరైనా నన్ను అనుమానించి ముప్పై ఏళ్లయిందని. చాలా థాంక్స్ అని” అన్నాడు.

తొట్టి కొలిచాను. ఆరున్నర అడుగులు. లైల్ దానితో లాగింది పడవనే, పొట్టి తొట్టి సంగతి వాడికీ తెలియదు. కనుక ఎర్రది పోయింది.

నీ ఉక్కు గుండు సంగతి. కాంపర్ కంపెనీకి ఫోను చేశాను. ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు.

“అమ్మా, ఆ పొడుగు గొట్టం తగిలించారంటే అది గునపంతో మీటినట్టు పనిచేసి చట్రాన్ని మెలితిప్పేస్తుంది. మా మోడల్‌కు అది పనికిరాదు, గ్యారంటీ కూడా పోతుంది. మీకు ఎవరు చెప్పారు?”

“మా తమ్ముడు.”

“ఆయన పశువుల బళ్లు లాగుతారా?”

“ఇనుప గొట్టాలు.”

“అదీ సంగతి” అన్నాడు.

కనుక ఇనుప పళ్లెమే కొంటాను. నీకు ఒకటి తెలిస్తే తెలిసిందని రాయి, తెలియనిది ‘నా మాట విను’ అని రాయకు.

సోమవారం మా ఊరి టోర్గర్సన్ తన పెద్ద ట్రక్కుతో మన కాంపర్‌ను లాగి గోధుమలు నిల్వచేసే ఎలివేటర్ గిడ్డంగి దగ్గర, బళ్లు తూచే కాటా మీద పెట్టాడు. సామానంతా సర్దే ఉంచాను, వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే. కాటా దగ్గరి మనిషి అంకె చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. “లోపల ఏం పెట్టారమ్మా, పంటా?” అన్నాడు. ట్రక్కు వీపు మీద పడే బరువే మూడు వేల పైన ఉంది. కంపెనీ పుస్తకంలో రాసింది ఎంతో తక్కువ.

ఏం పెట్టానో నీకు చెప్పను.

ఇంకా రెండు నెలలు. ట్రక్కు లేదు. ఏప్రిల్‌లో రాకు.

ఆర్లిస్

——

మల్లెన్
మార్చి 27

అక్కా,

లైల్‌గారికి నమస్కారాలు. ఆయన కళ్లు నాకు వచ్చినా ఫర్వాలేదు, ఆయన నవ్వు వస్తే.

గుండు గురించి ఓడిపోయాను. చట్రం సంగతి ఇవాళ మెల్లగా కాగితం మీద గీసి చూసుకున్నాను. ఆ కంపెనీ మనిషి నిజమే చెప్పాడు. నా గొట్టాల బండి చట్రం రైలుపట్టాలతో చేసింది, మీ కాంపర్ చట్రం కాంపర్ చట్రమే. ముప్పై ఏళ్లలో ఈ తేడా నాకు తట్టలేదు. ఇక నోరు మూసుకోవాల్సిన మాట, కానీ నేను మూసుకుంటే ఈ కాగితం వృథా.

మూడు వేలు అంటే ముందు భాగంలో ఏదో దండిగా బరువు పెట్టావు. మంచం కింద, ముక్కులో, బయటినుంచి తలుపున్న పెద్ద అర ఉంటుంది కదా, అక్కడ. నాకు తెలుసు ఏమిటో. పచ్చళ్లు. నీ దోసకాయ ఊరగాయ సీసాలు. నూటికి తగ్గకుండా పెట్టుంటావు. సరస్సు దగ్గర దుకాణాలు ఉంటాయి అక్కా! ఆ సీసాలు ఇప్పుడే తీసి చర్చికి ఇచ్చెయ్యి. అప్పుడు ముప్పావు టన్ను ట్రక్కు కూడా చాలు. ఊరగాయకు ట్రక్కు కొన్న మొదటి ఆడదానివి కాకు.

రెండో దారి. నా ట్రక్కు తీసుకో. ఒక టన్నుది, ఎనిమిది అడుగుల తొట్టి, ఎంత బరువైనా చూసింది. నాకేం పని ఇక? మొన్న కాంట్రీమన్ గాలిమర ఎక్కితే సగంలో మోకాలు ఆగిపోయింది. అక్కడే అరగంట కూర్చుని చుట్టూ చూశాను. చాలా బాగుంది, దూరంగా ఇసుకకొండలు, కొంగలు. తర్వాత కాంట్రీమన్ కొడుకు వచ్చి దించాడు. అదే చివరిసారి ఎక్కడం అనుకుంటున్నాను. కనుక ట్రక్కు ఊరికే ఉంది. తెచ్చి ఇస్తాను.

నీ తమ్ముడు
వెర్లిన్

——

బ్యాటిల్ లేక్
ఏప్రిల్ 6

తమ్ముడూ,

గాలిమర నుంచి నిన్ను దించారన్నది చివర్లో తోకలా రాశావు. పచ్చళ్ల గురించి పేజీ రాశావు. నువ్వు మారవు. మోకాలు ఎలా ఉంది? ఐస్ పెట్టు. ఎక్కకు.

నీ ట్రక్కు నాకొద్దు. కోపంతో అనడం లేదు. నీ ట్రక్కుతో వెళ్తే అది నీ ప్రయాణం అవుతుంది, నేను నువ్వు లాగే సామాను అవుతాను. అంతే.

పచ్చళ్లు కావు రా. రాళ్లు.

గేలెన్ నలభై ఏళ్లు కంకర గోతుల వెంట తిరిగాడు గుర్తుందా? ఎర్ర గీతలుండే అగేట్ రంగురాళ్ల కోసం. ప్రతి రాయినీ నాలుకతో తడిపి వెలుగులో చూసేవాడు. “తడిపితేనే గీతలు కనబడతాయి ఆర్లిస్” అనేవాడు, “ఊరంతటి దుమ్ము నాకావు, భోజనం ముందు నోరు కడుక్కో” అనేదాన్ని. కాంపర్ వచ్చిన రోజు ట్రక్కు లేదు, కొక్కెం లేదు, ఎక్కడికి వెళ్లాలో తెలియదు. అయినా సాయంత్రానికల్లా రాళ్ల బకెట్లన్నీ మోసుకొచ్చి ముక్కు అరలో సర్దేశాడు. “మిగతాదంతా తర్వాత, ముందు ఇవి” అన్నాడు. ఆయన సర్దిన సామాను అదొక్కటే. తలుపు నేను మళ్లీ తెరవలేదు. కాటా మీద మొన్న బరువు తేలింది వాటిదే.

కనుక ఇలా ఉంది. రాళ్లు దించేస్తే చిన్న ట్రక్కు చాలు. రాళ్లు ఉంచితే పెద్దది కావాలి.

పెద్దది ఒకటి దొరికింది. జిల్లా రోడ్ల శాఖ పాతవి అమ్మేస్తోంది. నారింజ రంగు, ఒక టన్నుది, రెండే తలుపులు, ఎనిమిది అడుగుల తొట్టి, పెట్రోలు ఇంజను. డీజిల్ కావాలని నువ్వు అంటావు కానీ డీజిల్ ఇంజను తన బరువుతో స్టిక్కర్ అంకెను తనే తినేస్తుంది, చదివాను. స్టిక్కర్ నాలుగు వేల పైన ఉంది. ఇల్లు, రాళ్లు, పళ్లెం కొక్కెం, నేను, అందరం సరిపోతాం. చూడ్డానికి మాత్రం దరిద్రంగా ఉంది. తలుపు మీద జిల్లా పేరు చెరిపేసిన మరక కనిపిస్తోంది. సీటు మీద ఎవరో కూర్చుని కూర్చుని తన ఆకారం వదిలి వెళ్లాడు.

పదహారో తేదీన అమ్ముతారు. నాకు ఎటూ తేలడం లేదు. తెలివిగా ఆలోచిస్తే రాళ్లు దించి చిన్నది వెతుక్కోవాలి. నువ్వు చెప్పు. ఈసారి వింటాను.

అక్క

——

మల్లెన్
ఏప్రిల్ 10

అక్కా,

కొను.

ఈ ఒక్క మాట రాసి ఆపేస్తే గొప్పగా ఉండేది. కానీ స్టాంపు డబ్బు అంతే అయినప్పుడు కాగితం ఖాళీగా పంపడం నాకు చేతకాదు.

కొనేముందు ట్రక్కు కింద దూరు. నువ్వు దూరకపోతే టోర్గర్సన్‌ను దూర్చు. మీ మిన్నెసోటాలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది చట్రాన్ని తింటుంది. స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడ పొడిచి చూడండి, దిగబడితే వదిలెయ్యి. కాంపర్ బ్రేకులను ట్రక్కులోంచి నొక్కే డబ్బా ఒకటి బిగించాలి. వెనక ఇరుసు గేరు పళ్ల నిష్పత్తి ఎంతో అడుగు, కొండల్లోకి వెళ్తున్నావు. రోడ్ల శాఖ ట్రక్కు కనుక మంచు తోసే పనికి తగినట్టే పెట్టి ఉంటారు. డీజిల్ గురించి నువ్వు చెప్పింది కరెక్టే, నాకు నచ్చకపోయినా.

రాళ్ల కోసం ట్రక్కు కొనకు. కానీ ఎలాగూ ఆ ట్రక్కే కొంటున్నావు, కనుక రాళ్లు తీసుకెళ్లు. చిన్నది వెతుకుతూ కూర్చుంటే మే పదిహేను దాటిపోతుంది, అయోవావాళ్లు నీ స్థలంలో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. చట్రం గట్టిగా ఉంటే, స్టిక్కర్ అబద్ధం చెప్పకపోతే, బావ రాళ్లను మొయ్యడానికి ఆ ట్రక్కుకు అభ్యంతరం లేదు. మనకెందుకు?

ఏప్రిల్ సంగతి ఇప్పుడు రాస్తాను. నువ్వు నడపలేవని కాదు. సైకిల్ నేర్పిన మనిషివి, ఒప్పుకుంటాను. ఇక్కడ చలికాలంలో వారాల తరబడి నేను మాట్లాడేది గాలిమరలతోనే. అవి బాగానే వింటాయి కానీ జవాబు ఒకటే. నీ పక్క సీట్లో కూర్చుని, నువ్వు నడుపుతుంటే దారిపొడుగునా నీకు విసుగు పుట్టించాలనిపించింది. అంతే. నేను సూటిగా అడగడం నేర్చుకోలేదు. ఆరిన్ ఆవు కథ రాసి పంపితే నువ్వే రమ్మంటావనుకున్నాను.

ఇక రమ్మని రాయకు. ఇది చదివి జాలిపడి రాసినట్టు ఉంటుంది.

మోకాలు బాగానే ఉంది. నిచ్చెన అమ్మకానికి పెట్టాను.

తమ్ముడు
వెర్లిన్

——

కోల్డ్ స్పూన్ సరస్సు, దక్షిణ డకోటా
మే 17

వెర్లిన్,

వచ్చేశాను. మే పద్నాలుగు మధ్యాహ్నం. ఒకరోజు ముందే.

నారింజ ట్రక్కు కొన్నాను. నేనే కింద దూరాను, కోటు పాడైంది. టోర్గర్సన్ బయట నిలబడి “ఇంకా కొంచెం ఎడమకు పొడవమ్మా” అన్నాడు. ఎక్కడా దిగబడలేదు. ఇనుప పళ్లెం బిగించాం, బ్రేకుల డబ్బా బిగించాం. వరుసగా ప్రతి సాయంత్రం చర్చి వెనక ఖాళీ స్థలంలో కాంపర్‌ను వెనక్కి నడపడం నేర్చుకున్నాను. మొదటిరోజు పాస్టరుగారి తులిప్ పూలమడి మీదికి ఎక్కించాను. ఆయన బయటికి వచ్చి చూసి “పర్వాలేదు, పర్వాలేదు” అంటూ మిగతా పూలన్నీ తనే కోసేసుకుని లోపలికి వెళ్లాడు. బుధవారం వాళ్లంతా నేలమాళిగ కిటికీల్లోంచి చూస్తూ ఉండేవాళ్లు. చివరి వారం “పాపం ఆర్లిస్” అన్న మాట వినిపించలేదు. “ఎడమకు! ఎడమకు తిప్పవే!” అని అరిచారు. జన్మలో అంత ఆనందం లేదు నాకు.

బయలుదేరిన రోజు లైల్ పక్కసీట్లో ఊరి చివరి బంకు దాకా వచ్చాడు. దిగి తలుపు వేసి, చెయ్యి అలాగే తలుపు మీద కాసేపు పెట్టి, “కొండ దిగేప్పుడు గేరు తగ్గించు” అన్నాడు. నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మలుపుల్లో ట్రక్కు తిరగమంటే తిరిగింది. కొండెక్కేప్పుడు ఇంజను గోల పెట్టింది కానీ పని ఆపలేదు. ఒక్కదాన్నే వచ్చాను. ఒక్కదాన్నే రావాలనుకున్నాను, అందుకే నిన్ను పిలవలేదు. అది జాలికీ కోపానికీ సంబంధించింది కాదు.

ఇప్పుడు పిలుస్తున్నాను. జులైలో రా. పక్క స్థలం సిబ్బంది బంధువుల కోసం ఖాళీగా ఉంచుతారట, మిసెస్ చెట్టర్‌ను అడిగాను. “మీ తమ్ముడు కబుర్లు చెబుతాడా?” అంది. “ఆపడు” అన్నాను. “ఆదివారం రాత్రి మంట దగ్గర జనానికి కథలు చెప్పే మనిషి కావాలి మాకు” అంది. ఆవు కథ చెప్పు. గుండు కథ మాత్రం చెప్పకు, కాంపర్లవాళ్లు వింటారు. ఆగస్టు చివర్లో పని ముగిశాక, తిరుగుప్రయాణంలో నా పక్కసీట్లో కూర్చుని నువ్వు విసుగు పుట్టించవచ్చు. నీ ట్రక్కు అక్కడే వదిలి బస్సులో రా.

ముక్కు అర తలుపు తెరిచాను. తాళం బిగుసుకుపోతే నూనె వేశాను. బకెట్లు నేను అనుకున్నన్ని లేవు, కానీ ఒక్కొక్కటీ ఎత్తడం నావల్ల కాదు. రెండు బకెట్ల రాళ్లు మాత్రం గుప్పెళ్లతో తీసి బల్ల మీద పోసి, పక్కన నీళ్ల గిన్నె పెట్టి, ‘తడిపి చూడండి, ఒకటి తీసుకోండి’ అని రాసి పెట్టాను. సాయంత్రానికి ఒక పెద్దాయన గిన్నెను వదిలేసి నాలుకతోనే తడిపి చూశాడు.

నాకు పసుపు చొక్కా ఇచ్చారు, వెనక ఆతిథ్యం అని రాసి ఉంటుంది. సైజు పెద్దది. తాళాల గుత్తి నడుముకు తగిలించుకుంటే నడిచేప్పుడు శబ్దం వస్తోంది. పిల్లలు నన్ను చూసి సైకిళ్లు నెమ్మది చేస్తున్నారు.

అక్క
ఆర్లిస్

తాజా కలం: కవరు అంటించబోతుంటే ఎవరో తలుపు కొట్టారు. ఆడవాళ్ల స్నానాల గదిలో వేడినీళ్లు రావడం లేదట. వెళ్లి చూశాను. కరెంటు మీట కిందికి పడిపోయి ఉంది. పైకి ఎత్తాను. వచ్చాయి.